పదకొండు ఖాళీ ప్లేట్లు

తక్వారిచింగలో జూలై, చలికాలం.
ల్యాబు కిటికీ అవతల రసం ఫ్యాక్టరీ గొట్టం.
ఊరంతా ఉడికిన నారింజ తొక్కల వాసన.
పదకొండో ప్లేటు మూత తీశాను.
ఏమీ మొలవలేదు.
"మళ్ళీనా జురేమా?" అంది ఇవొనేచి,
సీసాలు కడుగుతూనే.
మళ్ళీనే.

మూడు నెలలుగా ఆ ఒక్క జన్యువునీ తీసెయ్యాలని చూస్తున్నాను.
కత్తెర సరిగ్గానే పడుతోంది,
కత్తిరించినది బతకడం లేదు.
తలుపుల్లేని ఇంట్లో ఎలాగో ఉండొచ్చు,
నిట్టాడు పీకిన ఇంట్లో ఎవరుంటారు?
ఫలితం లేదని రాయబోయి
కొట్టేసి రాశాను:
ఖాళీయే ఫలితం.

తీసెయ్యలేనిదాన్ని తెలుసుకోవాలంటే
తగ్గించి చూడాలి,
లాంతరు వత్తిని కొద్దికొద్దిగా లోపలికి దించినట్టు.
జన్యువు ముందు ఒక తలుపు పెట్టాను.
చక్కెర వేస్తే తెరుచుకుంటుంది,
ఆపితే మూసుకుంటుంది.
ఆ ప్రోటీన్‌కి ఆకుపచ్చ వెలుగు తొడిగాను.
చక్కెర ఉన్నన్నాళ్ళూ
గోడ లోపలి అంచున చుక్కలు చుక్కలుగా తిరుగుతుంది,
చీకట్లో బుట్ట అల్లేవాడి
వేళ్ళు మాత్రమే కనిపించినట్టు.
ఇక్కడో బద్ద, అక్కడో బద్ద.
కణం పొడుగు సాగుతుంది.

ఈ గజ్జి తెగులు మా ఇంటికి కొత్త కాదు.
ఒక్క ఆకు మీద మచ్చ కనబడితే చాలు,
చుట్టూ ముప్ఫై మీటర్లూ నరికి తగలబెట్టే ముఠాలో
మా నాన్న అనాక్లేతు రంపం పట్టాడు.
జబ్బు చెట్టేదో పక్క చెట్టేదో
రంపానికి తెలియదు.
ఒక సెప్టెంబరులో పూత మీదున్న తోట.
దోన జుల్మీర గట్టు మీద కుర్చీ వేసుక్కూచుని
పడుతున్న ప్రతి చెట్టునీ పేరు పెట్టి పిలిచిందట.
ఆ రాత్రి నాన్న చొక్కాకి
పొగ వాసనా పూల వాసనా కలిసే ఉన్నాయి.
అమ్మ రెండుసార్లు ఉతికింది.

గురువారం ఆయన్ని ల్యాబుకి రమ్మన్నాను.
టోపీ తీసి చేత్తో పట్టుకుని
చర్చిలోకి వచ్చినట్టు వచ్చాడు.
చక్కెర ఆపి అప్పటికి పద్దెనిమిది గంటలు.
మైక్రోస్కోప్ మీద కన్ను ఆనించి
చాలాసేపు మాట్లాడలేదు.
"కర్రముక్కల్లా ఉంటాయన్నావు?"
"ఉండేవి."
"ఇవి గుండ్రంగా ఉన్నాయే."
"అల్లేవాడు లేడుగా నాన్నా. ఉబ్బుతాయి, ఉబ్బి పగులుతాయి."
"నారింజల్లా ఉన్నాయి," అన్నాడు.
మొదటి రోజే నాకూ అనిపించింది.
నోటుబుక్కులో రాయలేదు.

అంతలో ఒకటి పగిలింది.
నాన్న ఉలిక్కిపడ్డాడు గానీ కన్ను తియ్యలేదు.
"నువ్వు లాక్కున్నది
మళ్ళీ ఇవ్వొచ్చా వాటికి?"
"చక్కెర వేస్తే. ఇంకా పగలని వాటికి."
"అయితే వెయ్యి."

ఎన్ని తోటలు బూడిద చేసిన చేతులవి!
ఆ బూడిదకి కారణమే ఇదిగో, ఈ అద్దం కింద.
ఎందుకని అడగలేదు.
ఎలాగూ రేపు చెయ్యాల్సిన మెట్టే కదా అనుకుంటూ
పిపెట్ అందుకున్నాను.
నా చెయ్యి కొంచెం తొందరపడింది.

ఇవొనేచి కాఫీ పోసింది.
"నాకు మాత్రం చక్కెర వద్దమ్మా,
డాక్టరు తిడతాడు," అన్నాడు నాన్న.
ముగ్గురం నవ్వాం.
కిటికీ చీకటి పడేదాకా ఆయన కదల్లేదు.

పేజీ కింద, నా చేతిరాతలో:
పద్దెనిమిది గంటలు. అన్నీ గుండ్రం.
ఇరవై నాలుగు. ఒకదానికి ఒక పక్క
చిన్న ముక్కులాంటిది పొడుచుకొచ్చింది.
ఆకుపచ్చ చుక్కలు అక్కడే మూగాయి.
చూసినవాళ్ళు: ఇద్దరు.